దక్షిణాపథ రాజచిహ్నములు: ఏడవ ప్రకరణము – నిక్షేపములు

గడచిన ప్రకరణమున పట్టాభిషేక విధిని గూర్చియు, అందు వినియోగించు నదీజలములను గూర్చియు, మూర్ధాభిషేకము చేయు పురోహితుని స్థానమును గూర్చియు విపులముగా ముచ్చటించియుంటిమి. అభిషేకము రాజును రాజుగా చేయు కర్మ. అది యొక్కనాటితో ముగియును. ఆ మరునాటినుండి, రాజు కోటలోపల నున్నను, సైన్యముతో దూరదేశమున నున్నను, వ్యాధిగ్రస్తుడై శయ్యను విడువలేకయున్నను, ప్రజల యెదుట అతని యధికారమును నిలిపి చూపునవి కొన్ని వస్తువులు: గొడుగు, శంఖము, ధ్వజము, ముద్ర, ఆసనము. వీనినే మన శాసనములు సామ్రాజ్యచిహ్నములని పేర్కొన్నవి. ఈ చిహ్నములు ఎచ్చటనుండి వచ్చినవి, ఎవరి చేతులు మారినవి, వానిని ధరించిన వంశము నశించిన పిమ్మట ఏమైనవి అనునదే యీ ప్రకరణమున మనము విచారింపదలచిన విషయము.

క్రీ.శ. 1011లో పట్టాభిషిక్తుడైన వేంగీ చాళుక్య ప్రభువు విమలాదిత్యుని రణస్తిపూండి తామ్రశాసనమునందును, 1022లో సింహాసన మెక్కిన యాతని కుమారుడు రాజరాజనరేంద్రుని కోరుమిల్లి శాసనమునందును, చాళుక్యవంశము యొక్క పుట్టుకను గూర్చి యొక కథ కలదు. చంద్రవంశమున జనించిన యేబదితొమ్మిదిమంది చక్రవర్తులు అయోధ్యలో రాజ్యమేలిన పిమ్మట, ఆ వంశమువాడే యగు విజయాదిత్యుడను రాజు దిగ్విజయకాంక్షతో దక్షిణాపథమునకు వచ్చి, త్రిలోచనపల్లవునితో పోరాడి, దైవము ప్రతికూలింపగా ప్రాణములు కోల్పోయెను. ఆ సంకులమున గర్భవతియైన పట్టమహిషి, పురోహితుడును, వృద్ధులైన మంత్రులును, కొందరు అంతఃపుర స్త్రీలును తోడురాగా, ముదివేమను అగ్రహారమును చేరుకొనెను. అచ్చటి విష్ణుభట్ట సోమయాజి యామెను కన్నకూతురివలె కాపాడెను. ఆ యింటనే విష్ణువర్ధనుడు పుట్టెను. ఈ ముదివేము నేటి కడపసీమలో జమ్మలమడుగు చెంతనున్న పెదముడియమేయని చరిత్రకారులు గుర్తించియున్నారు.

బాలుడు పెరిగి పెద్దవాడై, తల్లివలన తన వంశవృత్తాంతమును తెలిసికొని, చాళుక్యగిరికి పోయి, నందాభగవతియైన గౌరిని, కుమారస్వామిని, నారాయణుని, మాతృగణమును ఆరాధించెను. అంతట నతడు సామ్రాజ్యచిహ్నముల నన్నింటిని చేపట్టెనని శాసనకర్త చెప్పుచున్నాడు. శ్వేతచ్ఛత్రము, ఏకశంఖము, పంచమహాశబ్దములు, పాళికేతనము, ప్రతిఢక్క, వరాహలాంఛనము, పింఛము, కుంతము, సింహాసనము, మకరతోరణము, కనకదండము, గంగాయమునలు – ఇవి యాతడు చేపట్టిన చిహ్నములు. ఇచ్చట శాసనకర్త చేర్చిన విశేషణమును పాఠకులు శ్రద్ధతో గమనింపవలెను. ఈ చిహ్నములు విష్ణువర్ధనుడు క్రొత్తగా చేయించుకొన్నవి కావు. వరముగా పొందినవియని సైతము ఆయన చెప్పలేదు. కులక్రమాగతములై, ఎవరో తనకొరకు దాచియుంచిన నిక్షేపములో యనునట్లు, అవి యాతనికి లభించినవట. తండ్రి యోడిపోయి మరణించినను, రాజ్యము నేలపాలైనను, చిహ్నములు మాత్రము కొండమీద దేవతల రక్షణలో వారసుని రాకకై వేచియుండెనని దీని భావము. దక్షిణదేశపు రాజులు తమ యధికారమును గూర్చి ఏమి తలంచిరో తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన వాక్యము నాకు మరియొక శాసనమున కనబడలేదు.

ఈ కథ చరిత్ర కాదనుట సులభము. అయోధ్యనుండి వచ్చిన విజయాదిత్యుని గూర్చి గాని, చాళుక్యగిరిని గూర్చి గాని బాదామి చాళుక్యుల తొలి శాసనములేవియు నెరుగవు. 624 ప్రాంతమున కుబ్జవిష్ణువర్ధనుడు వేంగీరాజ్యమును స్థాపించిన పిమ్మట దాదాపు నాలుగువందల యేండ్లవరకు, ఆ వంశపు రాజులు తాము మానవ్యసగోత్రులమనియు, హారీతీపుత్రులమనియు, నారాయణుని ప్రసాదముచే వరాహలాంఛనమును పొందినవారమనియు చెప్పుకొని యంతతో తృప్తిపడిరి. అట్టియెడ పదునొకండవ శతాబ్ది యారంభముననే యింత విపులమైన కథ యేల కావలసివచ్చెను? నా యభిప్రాయమున దీనికి కారణము ఆ వెనుకటి తరమువారి యనుభవమునందే కలదు. 973లో పెదకల్లు ప్రభువైన జటాచోడభీముడు దానార్ణవుని వధించి వేంగీరాజ్యము నాక్రమించెను. దానార్ణవుని కుమారులు శక్తివర్మ, విమలాదిత్యులు దేశభ్రష్టులై, తంజావూరిలో చోళచక్రవర్తి రాజరాజు చెంత తలదాచుకొనిరి. ఇరువదియేడు సంవత్సరములు వేంగీదేశము తమకు రాజు లేనిదేయని వారి శాసనములు లెక్కించినవి. చోళసైన్యముల సాయముననే శక్తివర్మ 999లో తన పిత్రార్జితమును మరల పొందెను. విమలాదిత్యుడు రాజరాజచోళుని కుమార్తె కుందవను వివాహమాడెను. తండ్రి చంపబడి, పరుల పంచన పెరిగి, పరుల బలముచే సింహాసనమెక్కిన రాజవంశమునకు, తండ్రి చంపబడి పరుల యింట పుట్టి పెరిగిన మూలపురుషుడు కావలసివచ్చుటలో ఆశ్చర్యమేమున్నది? మా చిహ్నములు చోళు లిచ్చినవి కావు, అవి మా కొరకు ముందే దాచబడియున్నవని చాటుటకై యీ కథ పుట్టినదని నేను విశ్వసించుచున్నాను.

చిహ్నముల పట్టికలో కొన్నింటిని గూర్చి యిచ్చట కొంత వివరింపవలసియున్నది. శ్వేతచ్ఛత్రము సర్వస్వతంత్రుడైన ప్రభువునకే చెల్లును. సామంతునకు గొడుగు కలదు గాని యా ధవళవర్ణము లేదు. పంచమహాశబ్దము లన్ననో, అయిదు విధములైన వాద్యములను ద్వారమున మ్రోగించుకొను గౌరవము. ఇది సార్వభౌముడు తన సామంతులకు ప్రసాదించునది కూడ. మహామండలేశ్వరుల శాసనము లన్నియు పంచమహాశబ్దములను పొందినవాడను బిరుదముతోనే యారంభమగుట పరిపాటి. దీనిని గూర్చి తెలుగు పాఠకులు విశేషముగా నెరుగవలసిన సంగతి యొకటి కలదు. కాకతీయులు కల్యాణి చాళుక్యులకు సామంతులుగా నుండి యీ గౌరవమును పొందిరి. 1163లో రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమున తన స్వాతంత్ర్యవైభవమును చాటుకొనెను. గణపతిదేవుడు ఆంధ్రదేశమునంతటిని ఒక్క యేలుబడి క్రిందికి తెచ్చెను. అయినను, ఇచ్చిన సార్వభౌముడు లోకమున లేకుండ పోయిన పిమ్మటను, ఆ వంశపు శాసనములయందు పంచమహాశబ్ద మహామండలేశ్వర బిరుదము నిలిచియే యున్నది. ఒకప్పటి సామంతత్వమునకు గురుతైనను పూర్వులు ధరించినదగుటచే దానిని వారు త్యజింపలేదు. మొదట రాష్ట్రకూటుల కాలమున వారి లాంఛనము గరుడుడు. చాళుక్యుల సేవలో ప్రవేశించిన తరువాత వరాహము. స్వతంత్రులైన పిదపకూడ వారు ఆ వరాహమునే తమ నాణెములపై ముద్రించుకొనిరి.

ఇక గంగాయమునలును పాళికేతనమును. వీని చరిత్ర మిగుల చిత్రమైనది. ఇవి మొదట ఉత్తరాపథ ప్రభువుల చిహ్నములు. గుప్తుల కాలపు దేవాలయములలో ద్వారబంధమున కిరుప్రక్కల మకరముపై గంగయు, కూర్మముపై యమునయు నిలుచుట మన మెరుగుదుము. 681 మొదలు 696 వరకు రాజ్యమేలిన బాదామి చాళుక్యుడు వినయాదిత్యుడు సకలోత్తరాపథనాథుని జయించి పాళిధ్వజమును గ్రహించెననియు, ఆ దండయాత్రయందు యువరాజగు విజయాదిత్యుడు గంగాయమునల చిహ్నములను, ఢక్కను, మాణిక్యములను, మత్తగజములను తెచ్చి తండ్రికి సమర్పించెననియు ఆ వంశపు శాసనములు చెప్పుచున్నవి. ఆ చాళుక్యులను కూలద్రోసిన రాష్ట్రకూటులు ఈ చిహ్నములకు కూడ ప్రభువులైరి. వారిలో మూడవ గోవిందునకు ఇతరుల చిహ్నములను హరించుటయే జయమునకు పరమావధిగా నుండెను. ఆయన 805 నాటి నేసరి శాసనము, పాండ్యునివద్ద మత్స్యమును, పల్లవునివద్ద వృషభమును, చోళునివద్ద వ్యాఘ్రమును, గంగునివద్ద గజమును, కేరళునివద్ద ధనుస్సును, చాళుక్యునివద్ద వరాహమును, వంగభూమిని ఏలు ధర్మపాలునివద్ద తారాభగవతిని గోవిందుడు లాగికొన్నట్లు వరుసగా పేర్కొన్నది. గ్రామముల సంఖ్య గాని, ధనరాశుల లెక్క గాని ఆ వాక్యమున లేదు. రాజు ప్రాణములతోనే యుండును, రాజ్యమును ఏలుకొనుచునే యుండును. లాంఛనము మాత్రము మరియొకని యింట నుండును. అంతకంటె తీవ్రమైన పరాభవమును ఆనాటి వారు ఊహింపలేకపోయిరి.

ఆ పరాభవమునకు ప్రతీకారము వేంగినుండియే జరిగెను. 848లో రాజ్యమునకు వచ్చిన గుణగవిజయాదిత్యుడు, అద్దంకి శాసనము వలన మనకు సుపరిచితుడైన సేనాని పండరంగని సాయమున, రాష్ట్రకూట ద్వితీయకృష్ణుని తరిమి కిరణపురమును దహించి, దక్షిణాపథమునకెల్ల తానే ప్రభువునని చాటెను. అప్పుడాతడు రాష్ట్రకూటుల బిరుదములతోపాటు పాళిధ్వజమును, గంగాయమునల మూర్తులను తన చిహ్నములుగా స్వీకరించెను. ఉత్తరదేశమున పుట్టి, బాదామికి వచ్చి, రాష్ట్రకూటుల మాన్యఖేటమునకు పోయి, గోదావరీతీరమును చేరిన యీ నదీదేవతలే, మరి నూటయేబది యేండ్లకు, విమలాదిత్యుని శాసనమున చాళుక్యగిరిమీద దాచియుంచిన కులధనముగా దర్శనమిచ్చుచున్నారు. పోరాడి తెచ్చుకొన్న దానిని పరాక్రమచిహ్నముగా చెప్పుకొనుటకంటె, వారసత్వముగా వచ్చినదని చెప్పుకొనుటయే ఘనతయని తలచిన సమాజము మనది.

వేంగీ చాళుక్యుల చిహ్నములలో నేటికిని మన కన్నుల కగుపడునది వారి ముద్ర యొక్కటియే. తామ్రశాసనమును చేతబట్టి చూచినవారికి దాని నిర్మాణము తెలియును. రేకులపై చెక్కిన యక్షరములు ఒరసికొని యరుగకుండ రేకుల యంచులను కొంచెము పైకెత్తుదురు; ప్రతి రేకునకు ఎడమవైపున రంధ్రము చేసి, అన్నింటిని ఒక లావైన రాగికడియమునకు గ్రుచ్చి, ఆ కడియపు కొనలు రెండును కలియు తావున ముద్రను పోతపోసి యతికించెదరు. కడియమును కోయక ఒక్క రేకునైనను తీయుటకు గాని, చేర్చుటకు గాని వీలుపడదు; శాసనపరిశోధకులు అచ్చులు తీయవలసినప్పుడు ఆ కడియమునే రంపముతో కోసి, పని ముగిసిన తరువాత మరల చేర్చుట కద్దు. గుండ్రని యా ముద్ర అరచేతిలో ఇమిడిపోవును. దాని నడుమ అడ్డముగా త్రిభువనాంకుశ బిరుదము ఉబ్బెత్తు అక్షరములతో నుండును. పైభాగమున బొటనవ్రేలి గోరంత వరాహము, దాని చెంత ఏనుగును లొంగదీయు అంకుశము, ఆ పైన సూర్యచంద్రులు; క్రింద రేకులు విచ్చిన పద్మము. కాలము గడచిన కొలది శంఖము, చామరములు మొదలైనవి కూడ చేరి, రాజరాజనరేంద్రుని నాటికి కోరుమిల్లి ముద్రలో వెలితి స్థలమే లేకుండ పోయెను. కుబ్జవిష్ణువర్ధనుని కాలమున విషమసిద్ధి యనియు, జయసింహుని కాలమున సర్వసిద్ధి యనియు ఎవరి బిరుదమును వారు వ్రాయించుకొన్న వంశమే, తరువాత అందరును త్రిభువనాంకుశులుగా నుండుటకు సమ్మతించెను. రాజు పేరు ముద్రనుండి తొలగిపోయి వంశముయొక్క పేరే నిలిచినది. గ్రామమున ఒక బ్రాహ్మణుడో, ఒక జైనవసదియో, ఒక దేవాలయమో అనుభవించు పొలమునకు ఆ గోరంత వరాహమే రక్షకుడు. ఏలినవాని రూపమును చూచిన గ్రామీణులు ఎందరుందురు? ఆ ముద్రనే వారు చూచిరి. నాగటిచాలున బయల్పడిన యిట్టి రేకులు ఎన్నో పాతరాగిగా కరగిపోయినవి; మిగిలినవానిని కాపాడుకొనుట మన విధియని వేరుగ చెప్పనక్కరలేదు.

సింహాసనముల విషయమునకు వచ్చునప్పటికి మన ప్రాంతమునకు సంబంధించిన యొక వృత్తాంతము నెక్కువసేపు నిలిచి చెప్పుకొనక తప్పదు. 1336 ప్రాంతమున ముసునూరి కాపయనాయకుడు ఢిల్లీ సుల్తాను అధికారులను వెడలగొట్టి ఓరుగంటిని విముక్తము చేసెను. ఆయన రాజ్యమునకు పడమట బహమనీ రాజ్యము పుట్టి బలపడెను. ఆ వంశమున 1358 మొదలు 1375 వరకు ఏలిన మొదటి మహమ్మద్‌షా తెలంగాణముపై పలుమార్లు దండెత్తెను. కాపయ కుమారుడు వినాయకదేవుడు సుల్తానుచే క్రూరముగా వధింపబడెను. తుదకు గోలకొండదుర్గమును, దానితో కూడిన సీమను, ధనమును సమర్పించి కాపయ సంధి చేసికొనవలసివచ్చెను. ఆ పిమ్మట జరిగినదానిని బిజాపూరు ఆస్థానమున పదునేడవ శతాబ్ది యారంభమున చరిత్ర రచించిన ఫెరిష్తా వివరముగా చెప్పియున్నాడు. తెలంగాణపు రాయబారులు, గోలకొండయే యుభయరాజ్యములకు శాశ్వతమైన యెల్లగా నుండునట్లును, సుల్తాను వంశీయులెవ్వరును దానిని దాటి రాకుండునట్లును లిఖితమైన ప్రతిజ్ఞను చేయించి యిచ్చినచో, రాజులకు తగిన యపూర్వవస్తువు నొకదానిని సమర్పింతుమని విన్నవించిరట. సుల్తాను సమ్మతించెను. ఆ వస్తువు ఢిల్లీసుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్‌నకు కానుకగా పంపవలెనని యొకప్పుడు తెలంగాణమున చేయించిన సింహాసనము.

దానిని చూచిన వృద్ధుల నోట వినినట్లు ఫెరిష్తా చేసిన వర్ణన యిట్లున్నది. తొమ్మిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు కలిగి, నల్లని కొయ్యతో చేసి, మేలిమి బంగారపు రేకులు తాపి, అమూల్యరత్నములు పొదిగిన యాసనమది. దానిపైనున్న నీలపు మీనాపని వలన తఖ్తె ఫిరోజా యను పేరు కలిగినది. మహమ్మద్‌షా తండ్రి కూర్చుండిన వెండిసింహాసనమును తీసివేయించి, నౌరోజు పండుగనాడు ఈ నీలసింహాసనము నధిష్ఠించెను. అది మొదలు బహమనీ సుల్తానులలో ప్రతివాడును తన వంతుగా దానికి కొన్ని రత్నములను చేర్చుచు వచ్చెను. తుదకు మీనాపని కనబడనంతగా రత్నములే కప్పివేసినవి. ఓరుగంటి కంసాలులు ఢిల్లీ ప్రభువు కొరకు చేసిన యాసనము, ఢిల్లీకి పోక, ఢిల్లీపై తిరుగుబాటున పుట్టిన రెండు రాజ్యములలో ఒకదానినుండి మరియొకదానికి మారి, రెండు మూడు తరములలో గుల్బర్గా బీదరులనుండి ఏలిన బహమనీ ప్రభువులకు పితృపితామహ సంపదయైనది. ఆసనమును చూచినవారు ఇది తెలుగువారు చేసినదనిగాని, ఇది ఒక ప్రతిజ్ఞకు మూల్యముగా వచ్చినదనిగాని తలపోయలేదు. బహమనీ వంశపు ఘనత యని తలచిరి.

ప్రతిజ్ఞ సంగతి యేమైనది? కాపయనాయకుడు 1368 ప్రాంతమున రేచర్ల వెలమప్రభువులతో భీమవరమున జరిగిన పోరున మరణించెను. 1425 నాటికి అహమ్మద్‌షా గోలకొండ యెల్లను దాటి ఓరుగంటినే కైవసము చేసికొనెను. ఆ లిఖితమును దాచియుంచుటకు ఓరుగంట అప్పటికి ఎవ్వరును లేరు. సింహాసనము మాత్రము బీదరున మరియొక శతాబ్దికి దగ్గరగా నిలిచెను. 1482లో రాజ్యమునకు వచ్చి, సర్దారుల చేతిలో కీలుబొమ్మగా ముప్పదియారేండ్లు గడపిన మహమూద్‌షా కాలమున దానిని విప్పి, పానపాత్రలకు పొదుగుటకై రత్నములను ఊడదీసిరి. అప్పటి వెలకట్టువారు దానికి కోటి హొన్నుల విలువ కట్టిరని ఫెరిష్తా వ్రాసినాడు. బహమనీ రాజ్యము అయిదు ముక్కలైనదియు ఆ సుల్తాను కాలముననే. ఆసనమును విప్పుటచే రాజ్యము విచ్చినదని నేనననుగాని, అట్టి వస్తువును విప్పుటకు చేతులాడిన దర్బారున, దానియందు భక్తి కలవాడు ఒక్కడును మిగిలియుండలేదని చెప్పుటకు సందేహింపను.

విజయనగర చక్రవర్తులు వరాహమునే తమ లాంఛనముగా గైకొనిరి. వరాహము, దానియెదుట నిలువుగా నిలిపిన కటారి, పైన సూర్యచంద్రులు – ఇది వారి గురుతు. చాళుక్యుల లాంఛనమును వారి తరువాత చాలకాలమునకు తుంగభద్రాతీరమున నిలిపినవారు చాళుక్యసంతతివారు కాకున్నను, వరాహమును చూచిన దాక్షిణాత్యునకు అది ఎవరి చిహ్నమో, దానిని ధరించువాని పదవి యేదో వేరుగ చెప్పనక్కర లేకుండెను. వారి బంగారునాణెమునకు ప్రజలే వరహా యని పేరిడిరి. సామ్రాజ్యము పోయిన తరువాత సైతము, మన తాతముత్తాతలు కట్నములను, శిస్తులను, అప్పులను వరహాలలోనే లెక్కించిరి.

సుమారు 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేయిస్, మహర్నవమి యుత్సవములలో తాను చూచిన సింహాసనమును వర్ణించినాడు. చతురస్రమై, పట్టువస్త్రములతో కప్పబడి, బంగారు సింహములు కలిగి, రత్నములు ముత్యములు పొదిగిన యా యాసనముపై కృష్ణరాయలు కూర్చుండలేదు. పుష్పములలో మునిగిన బంగారు దేవతామూర్తి యొకటి దానిపై నుండెను. రాయలు తెల్లని వస్త్రములు ధరించి దాని చెంత వేరొక పీఠమున ఆసీనుడై యుండెను. ఈ వర్ణనను చదివి తిరుమల ఆలయపు ముఖమండపమున నున్న కృష్ణరాయల కంచువిగ్రహమును చూచినవారికి ఆ రెండింటి సంబంధము స్ఫురింపకపోదు. దేవేరులైన తిరుమలదేవి, చిన్నాదేవులు ఇరుప్రక్కల నుండగా, శిరసున నిడుపైన కుళ్లాయి ధరించి, రెండు చేతులును జోడించి, రాయలు గర్భాలయమునకు అభిముఖముగా నిలిచియున్నాడు. కిరీటము లేదు, ఖడ్గము లేదు. భుజముపై చెక్కిన పేరును బట్టియే అతడు రాయలని గుర్తింపవలెను. కుళ్లాయి యన్ననో, ఆనాటి సభాగౌరవమునకు చిహ్నము. పారసీక దేశపు వేషములనుండి వచ్చి మన రాజసభలలో స్థిరపడినది. సింహాసనము దేవునిది, రాజు దానికి కాపరి యను భావమునకు ఈ విగ్రహముకంటె నిండైన ప్రమాణము వేరొకటి యక్కరలేదు.

ఆ భావమే తరువాతి తరమున విపరీతమైన దారి పట్టెను. 1542 తరువాత చక్రవర్తి సదాశివరాయలు; ఏలువాడు అళియ రామరాజు. రామరాజును, ఆయన సోదరులు తిరుమల, వేంకటాద్రులును సదాశివుని కావలిలో నుంచి, సంవత్సరమున కొకసారి ప్రజలకు చూపుచుండిరని 1567లో విజయనగరమునకు వచ్చిన వెనిసు వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ వ్రాసినాడు. గొడుగును, శంఖమును, ధ్వజమును భద్రపరచినట్లే రాజును కూడ భద్రపరచిరి. శాసనములు ఆయన పేరనే వెలువడినవి, దానములు ఆయన పేరనే జరిగినవి. అంతటి మహారాజ్యమును చేతబట్టిన సోదరులకు సైతము ఆ పేరు లేక ఒక్క గ్రామమును దానమిచ్చుట సాధ్యము కాకపోయెను! చిహ్నముయొక్క బలమెంతటిదో తెలియుటకు సదాశివుని దీనచరిత్రను చదువవలెను.

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధమున రామరాజు హతుడయ్యెను. తిరుమలరాజు నగరమునకు పరుగున వచ్చి, కొన్ని గడియలలో, అయిదువందల యేబది యేనుగులపై ధనరాశులను తరలించెనని ప్రసిద్ధమైన కథనము. అట్టి తొందరలోను ఆయన మరువక పెనుగొండకు కొనిపోయినవి మూడు: సదాశివచక్రవర్తి, రాజచిహ్నములు, రత్నసింహాసనము. దేవాలయములను, ప్రాసాదములను, లక్షలకొలది ప్రజలను శత్రువులకు వదలిపెట్టెను. కొందరు చరిత్రకారులు ఇందుకై తిరుమలను తీవ్రముగా నిందించిరి. నగరమును రక్షింపక పారిపోయిన యపరాధము నుండి ఆయనను నేనును తప్పింపజాలను. అయినను ఆయన యెన్నుకొన్నవానిని బట్టి ఆయన హృదయము తెలియుచున్నది. ఎచ్చట ఆ సింహాసనముండునో అదియే విజయనగరమని ఆయన తలచెను. అది వ్యర్థము కాలేదు. పెనుగొండలోను, తరువాత చంద్రగిరిలోను రాజ్యము మరి రెండు మూడు తరములు బ్రదికెను. 1586 మొదలు 1614 వరకు ఏలిన వేంకటపతిరాయలు, తన పూర్వుల శాసనముల చివర నుండెడి శ్రీ విరూపాక్ష సంతకమును విడిచి శ్రీ వేంకటేశ యని వ్రాయించెను. విరూపాక్షుని సన్నిధి శత్రువులపాలైనది. రాజధాని శేషాచలము చెంతకు వచ్చినది. కావున సంతకము మారెను. వరాహము మాత్రము మారలేదు.

పెనుగొండకు మరియొక సింహాసనకథ కూడ కలదు. దీనిని చెప్పువారు మైసూరువారు. పాండవుల సింహాసనము పెనుగొండలో భూమియందు పాతిపెట్టబడి యుండెననియు, విద్యారణ్యస్వామి ఆ తావును చూపగా హరిహరుడు త్రవ్వించి దానిని వెలికితీసెననియు, అదియే తరతరములుగా విజయనగర చక్రవర్తులకు చెంది, తుదకు శ్రీరంగపట్టణపు ప్రతినిధి చేతికి వచ్చెననియు, 1610లో రాజవొడెయరు శ్రీరంగపట్టణమును గెలుచుకొన్నప్పుడు తమ వంశమునకు లభించెననియు వారి ఐతిహ్యము. చాళుక్యగిరి కథను చదివి వచ్చిన పాఠకులకు ఇది క్రొత్తగా తోపదు. హరిహరుడు సింహాసనమును చేయించలేదు, కనుగొనెను. విష్ణువర్ధనుడు చిహ్నములను సంపాదింపలేదు, పుచ్చుకొనెను. ఇరువురును స్థాపకులే, ఇరువురికిని స్థాపకులమని చెప్పుకొనుట చాలలేదు.

1799 మే 4న శ్రీరంగపట్టణము కూలి టిప్పుసుల్తాను వీరమరణము నొందెను. ఆయన తనకై చేయించుకొన్న సింహాసనము, సువర్ణవ్యాఘ్రముపై నిలిచి, హుమాపక్షి శిఖరమునగలది. గెలిచిన సైన్యమునకు కొల్లసొమ్మును పంచు అధికారులు దానిని ముక్కలుగా నరికిరి. పులితలయు, హుమాపక్షియు ఇంగ్లండు రాజుల విండ్సరు కోటకు చేరినవి. ఆ జూన్ 30న ఇంగ్లీషువారు అయిదేండ్లయినను నిండని కృష్ణరాజ వొడెయరును మైసూరున ప్రతిష్ఠించిరి. ఆ ప్రతిష్ఠకు కావలసిన పాత సింహాసనము శ్రీరంగపట్టణపు కోటలో పనికిరాని సామగ్రి పడవేయు గదిలో దొరకినదని మైసూరు ఐతిహ్యము. సైన్యములును, ధనమును, దేశమంతయు చేతిలోనున్న క్రొత్త ప్రభువులకును ఆ బాలుని కూర్చుండబెట్టుటకు వెదకి తెచ్చిన పాతపీఠమే కావలసివచ్చినది.

వచ్చు ప్రకరణమున పంచమహాశబ్దములను గూర్చియు, కోటద్వారమున నగారా మ్రోగించు హక్కుకై సామంతులు జరిపిన వ్యాజ్యములను గూర్చియు, ఆ హక్కు కాలక్రమమున దేవాలయముల నౌబత్ఖానాలకు చేరిన విధమును గూర్చియు ప్రస్తావింతుము.